ముందు ఇల్లు ఉంచి, వెనక కట్టుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ సుల్తాన్ బజార్ వెనక సందులో మీ తాతగారు కట్టించిన ఇల్లు. 450 గజాలు, వీధి వైపు 45 అడుగులు, లోపలికి 90 అడుగులు. నలుగురు వాటాదారులు, అందులో ఒకరు డల్లాస్‌లో ఉంటారు. బిల్డర్ స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య కార్లు పెట్టుకునే ఖాళీ) మీద ఐదంతస్తులు వేసి సగం ఇస్తానంటున్నాడు. ఈ పదేళ్లలో మీ వీధిలో ఆరు పాత ఇళ్లు పోయాయి. బస్తీ సంఘంలో సగంమంది పాతవాటిని ముట్టుకోవద్దంటారు, మిగతా సగం మా ఇల్లు మా ఇష్టం అంటారు. మధ్యదారి ఏమైనా ఉందా?

ఉంది. దాన్ని నేను ఇళ్లలో చూశాను గానీ వీధి మొత్తానికి చేసిన చోటు మన ఊళ్లో చూడలేదు. ఈ తేడా గురించి తర్వాత చెప్తాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నేను ఎటువైపు మాట్లాడుతున్నానో మీకు తెలియదు. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. మొదటి పదేళ్లు అపార్ట్‌మెంట్లే కట్టాను. వాటిలో రెండు, మీ ఇంటిలాంటి ఇళ్లు కూల్చిన స్థలాల్లోనే లేచాయి. తర్వాత పదహారేళ్లుగా పాత కట్టడాల మరమ్మతు మీదే బతుకుతున్నాను. అందుకని బిల్డర్‌ని దొంగ అనను, పాత ఇంటి యజమానిని త్యాగం చేయమనీ అడగను.

మీ సంఘం మీటింగ్‌లో 'పాతది', 'కొత్తది' అని రెండు పార్టీలయ్యాయి కదా. పత్తర్‌గట్టి ఎలా వచ్చిందో ఒక్కసారి వాళ్లకి చెప్పండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, చార్మినార్ వైపు వెళ్లే దారికి రెండు వైపులా గ్రానైట్ రాళ్లతో కమానుల వరస కట్టించింది ఆ బోర్డే. కింద దుకాణాలు, పైన నివాసాలు. ఇవాళ మనం హెరిటేజ్ అని ఫొటోలు తీసుకునే పత్తర్‌గట్టి ఆ రోజు రీడెవలప్‌మెంటే. ఆ కాలంలో కూడా ఎవరో ఒకరు మా తాతల ఇల్లు పోయిందని ఏడ్చే ఉంటారు.

అయితే ఆ బోర్డు ఒక పని చేసింది, ఇప్పటి మన పద్ధతిలో అది లేదు. ఒక్కో ఇంటికి విడివిడిగా పర్మిషన్ ఇచ్చి వదిలేయకుండా వీధిని మొత్తంగా ఒక వస్తువులా చూసింది. ముందు వరస ఎక్కడ ఆగాలి, కమాను ఎంత ఎత్తు ఉండాలి, కింద దుకాణం ముందు నీడ ఎక్కడ పడాలి అన్నది వీధి పొడవునా ఒకటే. వెనకాల ఎవరి ఇల్లు ఎలా ఉందో ఎవరికీ పట్టదు. మీరు అడిగిన మధ్యదారి కూడా దాదాపు ఇదే: వీధికి కనిపించేది అందరిది, వెనకది మీది.

ఇక డబ్బు. దీని దగ్గరే మాట తెగిపోతుంది కాబట్టి లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ లెక్క. మీ సందు వెడల్పు, వదలాల్సిన ఖాళీలు, ఇచ్చే ఎత్తు బట్టి మారుతుంది. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

బిల్డర్ ప్లాను. ముందు 10 అడుగులు, మిగతా మూడు వైపులా ఆరున్నర అడుగులు వదిలాడనుకుందాం. అంతస్తుకి 32 అడుగుల వెడల్పు, 73.5 అడుగుల పొడవు, అంటే 2352 చదరపు అడుగులు. ఐదంతస్తులకి 11,760. సగం మీకు, అంటే 5880.

రెండోది. మీరు పంపిన స్కెచ్ ప్రకారం వీధి వైపు ఉన్న అసలు ఇల్లు 45 అడుగుల వెడల్పు, 38 అడుగుల లోతు, కింద పైన రెండంతస్తులు. అంటే 3420 చదరపు అడుగులు. దాని వెనక 52 అడుగుల స్థలంలో ఉన్నవి పాత వంటిల్లు, పశువుల కొట్టం, రేకుల షెడ్డు, బావి. బావి తప్ప మిగతావి పోయినా ఎవరూ బాధపడరు, నేను కూడా బాధపడను. అసలు ఇంటికీ కొత్త బ్లాకుకీ మధ్య 12 అడుగుల ఖాళీ, వెనక గోడ నుంచి 7 అడుగులు వదిలితే 33 అడుగుల లోతు మిగులుతుంది. 32 వెడల్పు ఉంది కదా. అంతస్తుకి సుమారు 1050. స్టిల్ట్ మీద నాలుగంతస్తులు వేస్తే 4200. ఇందులో రెండంతస్తులు అమ్మేశారనుకోండి. మీ చేతిలో మిగిలేది 3420, 2100 కలిపి 5520.

5880కీ 5520కీ తేడా 360 చదరపు అడుగులు. నలుగురికి పంచితే తలా 90, ఒక చిన్న గదంత.

'అమ్మిన రెండంతస్తుల డబ్బుతో అంతా అవుతుందా' అని మీ అన్నయ్య అడుగుతారు. కొత్త బ్లాకు చదరపు అడుగుకి 2200 పడితే 92 లక్షలు. పాత ఇంటి మరమ్మతు అడుగుకి 1200 వేసుకుంటే 41 లక్షలు. మొత్తం కోటీ 33 లక్షలు. అమ్మే 2100 అడుగులకి 6500 వస్తే కోటీ 36 లక్షలు. సరిపోయీ సరిపోనట్టు ఉంటుంది. అమ్మే రేటు కాస్త తగ్గినా, బోరు ఒకటి ఎండినా జేబులోంచి పెట్టాలి. పైగా బిల్డర్ దగ్గర మీకు టెన్షన్ ఉండదు, ఇక్కడ పద్దెనిమిది నెలలు మేస్త్రీలతో మీరే వేగాలి. పాత గోడలు పద్దెనిమిది అంగుళాల మందం, ఆ 3420లో గదుల లోపలి కొలత తీస్తే బాగా తగ్గుతుందన్నది కూడా నిజం. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టూ మెట్లూ కారిడారూ కలిపి చెప్పే అడుగుల్లో కూడా అంతే తరుగు ఉంటుందని మర్చిపోవద్దు.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, పాత ఇల్లు ఉంచితే కోట్లు పోతాయన్న భయం చాలా ఇళ్లలో లెక్క వేయకుండా వచ్చిన భయం. బిల్డర్ సగం తీసుకుంటాడన్న సంగతి మర్చిపోయి, 11,760నీ 3420నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు.

డల్లాస్‌లో ఉన్నవారికి ఇల్లు అక్కర్లేదు, డబ్బు కావాలి. అది తప్పు కాదు. ఆ అమ్మే రెండంతస్తుల్లో ఒకటి ఆయన వాటాగా రాసేసి, దానివల్ల తగ్గే డబ్బూ మరమ్మతు ఖర్చూ మిగతా ముగ్గురూ భరించి, ముందు ఇంటి కింద భాగం అద్దెలు ఆ ముగ్గురే తీసుకోవడం ఒక దారి. సుల్తాన్ బజార్‌లో నేల మీది దుకాణం అద్దె ముందు నాలుగో అంతస్తు ఫ్లాటు అద్దె ఎక్కడ నిలుస్తుంది! మీ ముందు గదులు రెండూ వీధిలోకి తెరుచుకుంటాయన్నారు. ఆ ఇంటికి దిక్కు అవే.

ఇక్కడే చిక్కు. బిల్డింగ్ రూల్స్ ఈ ప్లానుని ఊహించుకుని రాసినవి కావు. మన దగ్గర 2012 నాటి జీవో 168 మీద నడుస్తుంది వ్యవహారం. కొత్త కట్టడం వీధి నుంచి ఇంత వెనక్కి ఉండాలి, పక్కన ఇంత వదలాలి అంటుంది. కొత్త కాలనీకి అది మంచిదే. మీ సందులో ఏమవుతుందో ఒకసారి బయట నిలబడి చూడండి. పాత ఇళ్లన్నీ వీధి అంచునే గోడ పెట్టి, పక్కింటి గోడకి ఆనించి కట్టినవి. కూల్చి కట్టిన ప్రతి ఇల్లూ పది అడుగులు వెనక్కి పోయింది. వరస పళ్లూడిన నోరులా ఉంది. ఆ వదిలిన పది అడుగుల్లో చెట్టు పెట్టారా? రెండు బైకులు, ఒక జెనరేటరు, చెత్తడబ్బా ఉంటాయి.

స్టిల్ట్ సంగతి ఇంకా ఘోరం. పాత ఇంటికి వీధి వైపు అరుగు ఉండేది. సాయంత్రం ముసలాయన కూర్చునేవాడు, కూరగాయల బండి ఆగేది, ఎండకి ఎవరైనా కాసేపు నిలబడేవారు. స్టిల్ట్ ఇంటికి వీధి వైపు ఏముంటుంది? నాలుగు స్తంభాలు, చీకటి, కవర్లు కప్పిన కార్లు. పక్కన వాచ్‌మన్ గది. మనిషి ఉండేది మొదటి అంతస్తు నుంచి పైకే. ఆరు ఇళ్లు అలా అయితే వీధి సగం చచ్చినట్టే. నేనే అలాంటివి కట్టాను కాబట్టి చెప్తున్నాను. అందుకే మీకు స్టిల్ట్ వెనక బ్లాకు కింద వేసుకోమన్నాను. మీ ఇంటికి బగ్గీ లోపలికి వచ్చేంత పెద్ద దర్వాజా ఉందన్నారు, ఎనిమిదిన్నర అడుగులు. కారు దర్జాగా వెళ్తుంది.

ఫైలు తిన్నగా నడవదు. ఒకే స్థలంలో పాత కట్టడం, దాని వెనక కొత్త బ్లాకు అంటే టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో మొదట వచ్చే ప్రశ్న 'ముందు ఖాళీ ఏది' అనే. దానికి జవాబు కాగితం మీద సిద్ధంగా ఉండాలి: పాత ఇంటి కొలతల డ్రాయింగు, ఫొటోలు, పాత పన్ను రశీదులు, గోడల బలం మీద ఇంజినీర్ నివేదిక. ఇవి లేకుండా నోటిమాటతో వెళ్లినవాళ్లకి 'కూల్చేసి రండి, సులువుగా ఇస్తాం' అన్న సలహా దొరుకుతుంది. ఒకచోట నాకే ఎదురైంది.

అన్నిటికంటే ముందు రోడ్డు వెడల్పు చూడండి. మీ సందు మాస్టర్ ప్లాన్‌లో ఎంత అని ఉందో కనుక్కోండి. ఇప్పుడున్న ఇరవై అడుగులు రేపు నలభై అని గీత గీసి ఉంటే, మీరు దేనికైనా కొత్త పర్మిషన్ పెట్టుకున్న రోజున ముందు భాగం రోడ్డుకి రాసివ్వాల్సి వస్తుంది. ఉంచాలనుకున్న ముందు ఇల్లే పోతుంది. పాత ఇళ్లని బిల్డర్లు మింగారంటాం గానీ, మ్యాపు మీద ఎర్ర గీత మింగినవీ తక్కువ కాదు. మీ పక్కనే మెట్రో వేశారు కదా. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు 2020 ఫిబ్రవరిలో మొదలైన లైను సుల్తాన్ బజార్ నెత్తి మీదుగానే పోతుంది. వ్యాపారులు ఏళ్ల తరబడి వద్దన్నారు. ఇవాళ అదే స్టేషన్‌లో దిగి కొనుగోళ్లకి వచ్చేవాళ్లు ఎందరో. రెండూ నిజమే.

చట్టం మిమ్మల్ని కాపాడుతుందా, కట్టేస్తుందా అని అడిగారు. మీ ఇల్లు ఏ జాబితాలోనూ లేదు కాబట్టి ప్రస్తుతానికి రెండూ లేవు. అయినా చరిత్ర తెలిస్తే మంచిది. 1981 నాటి హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 1995లో పదమూడో నిబంధన చేర్చి, నగరంలో నూటముప్పైకి పైగా కట్టడాలకి రక్షణ ఇచ్చారు. ముంబయి కూడా అదే ఏడు తన నిబంధన తెచ్చుకుంది. దేశంలో ఈ పని ముందు చేసిన ఊళ్లలో మనది ఒకటి. 2015 చివర్లో ఆ నిబంధనని తీసేశారు. 2017లో రాష్ట్రానికి విడిగా హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో అసెంబ్లీ కొత్త భవనం కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ని కూల్చాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అంటే పెద్ద కట్టడానికి, జనం కోర్టుదాకా వెళ్తే, రక్షణ దొరుకుతుంది. మీలాంటి సందు ఇంటికి ఎవరు కోర్టుకెళ్తారు?

చార్మినార్ చుట్టుపక్కల ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతితోనే కట్టాలి. 2010లో చట్టం సవరించాక ఇది మరీ గట్టిపడింది. ఆ గీతల లోపల ఎవరైనా బంధువులు ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు మారిపోతుంది, మీ లెక్క వాళ్లకి చెప్పకండి.

పదమూడో నిబంధన ఉన్న రోజుల్లో నేను చూసిన ఒక దృశ్యం చెప్తాను. జాబితాలో ఉన్న ఇల్లు. కూల్చే అనుమతి రాదు. యజమానికి పైసా సాయం లేదు, కూతురి పెళ్లి నెత్తి మీద ఉంది. వానాకాలంలో డాబా మీదకి ఎక్కాను. నీళ్లు బయటికి పోయే తూము నోట్లో గోనెసంచి కుక్కి ఉంది. గాలికి వచ్చి పడింది కాదు, మడిచి, కర్రతో లోపలికి తోసింది. డాబా మీద మడమల దాకా నీళ్లు. కింద టేకు దూలాల చివర్లు గోడలో నానుతున్నాయి. మూడేళ్లకి ఒక దూలం దిగింది, 'ప్రమాదకర భవనం' నోటీసు వచ్చింది, ఇల్లు పోయింది. నేను ఆయన్ని తిట్టుకోలేదు. ఊరందరి గర్వం కోసం ఒక్కడి నెత్తిన ఖర్చు పెడితే గోనెసంచులే బయటికి వస్తాయి.

దీనికి విరుగుడుగా చెప్పేది టీడీఆర్, అంటే మీరు కట్టుకోకుండా వదిలిన హక్కుని కాగితంగా మార్చి వేరేచోట కట్టేవాడికి అమ్ముకోవడం. వినడానికి బాగుంటుంది. మన ఊళ్లో దానికి రెండు జబ్బులు. ఒకటి, 2006 నుంచి ఇక్కడ స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి తీసేశారు. రోడ్డు వెడల్పు, వదిలిన ఖాళీ బట్టి ఎత్తు ఇస్తారు. పెద్ద రోడ్డు మీద బిల్డర్‌కి ఎలాగూ కావలసినంత ఎత్తు దొరుకుతుంటే మీ హక్కు ఎందుకు కొంటాడు? ఒకటి రెండంతస్తులు అదనంగా వేసుకోవడానికో, ఖాళీల్లో సడలింపుకో తప్ప. రెండోది, రోడ్డు కోసం స్థలం ఇస్తే 400 శాతం టీడీఆర్, హెరిటేజ్ ఇల్లు నిలబెడితే 100 శాతం. గోడ కూల్చి ఇచ్చినవాడికి నాలుగు, కాపాడినవాడికి ఒకటి! పైగా అది కూడా హెరిటేజ్ అని గుర్తింపు ఉన్న ఇంటికే. మీ సంఘం ఒక్క అర్జీ పెట్టదలిస్తే దీని మీద పెట్టమనండి.

వీధి మొత్తానికి చేసి చూపించింది సింగపూర్. 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా లాంటి పేటల్లో వరసగా ఉన్న దుకాణపు ఇళ్లని పేటలకు పేటలే రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. అన్నిటికీ ఒకే కట్టుబాటు పెట్టలేదు. చారిత్రక పేటల్లో ఇల్లంతా ఉంచాలి. కొన్ని ఇతర పాత పేటల్లో ముందు ఇల్లు ఉంచి వెనక దానికంటే ఎత్తుగా కట్టుకోనిచ్చారు. అక్కడున్న మనవాళ్లు ఎవరినైనా అడగండి, వీధిలో నడుస్తుంటే రంగురంగుల రెండంతస్తుల వరసే కనిపిస్తుంది, వెనక లేచిన భాగం తల ఎత్తి చూస్తే గానీ తెలియదు. ఒక మాట ఒప్పుకోవాలి, అక్కడ అద్దెలు పెరిగి పాత వ్యాపారాలు చాలావరకు పోయాయి. గోడలు మిగిలాయి, చాకలి, కంసాలి మిగల్లేదు. మన మోజంజాహీ మార్కెట్ ఆ విషయంలో కాస్త నయం. 1935 నాటి రాతి కట్టడం, బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. అందులో వ్యాపారం మాత్రం ఆగలేదు. గ్రానైట్ గోడ మీద నుంచి రేకులు, వైర్లు, పాత బోర్డులు తీసేసరికి, అక్కడే ముప్పై ఏళ్లుగా ఐస్‌క్రీం తిన్నవాళ్లం 'ఇక్కడ ఇంత పెద్ద కమాను ఉందా' అనుకున్నాం.

ఇప్పుడు పాత ఇళ్ల ప్రేమికులకి నచ్చని విషయం. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. ఇరుకు దారి, ఇరుకు మెట్లు. పాత ఇల్లు ఉంచాలని ఎవరైనా నాతో అంటే ముందు నేను అడిగేది 'రెండో మెట్లు ఎక్కడ' అని. మీ ఇంట్లో ఒకటే చెక్కమెట్ల దారి ఉంది. మధ్యలో వదిలే 12 అడుగుల ఖాళీలో ఇనుప మెట్లు వేయించి, పైఅంతస్తు వెనక వసారాకి కలపండి. వీధికి కనిపించదు, ప్రాణం నిలబెడుతుంది. కరెంటు తీగలు మొత్తం మార్చండి. గుడ్డ చుట్టిన పాత తీగల మీద మూడు ఏసీలు నడుస్తున్నాయని రాశారు, అది చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కింద దుకాణాలు అద్దెకిస్తే బట్టల గోడౌనుకి, గ్యాసు పొయ్యికి ఇవ్వకండి. ఇవి చేయలేమనుకుంటే ఆ ఇల్లు ఉంచకండి. నిజంగానే అంటున్నాను.

గోడల విషయానికొస్తే, మీరు పంపిన ఫొటోలో కింద మూడడుగుల మేర పెచ్చులూడి తెల్లటి ఉప్పు పేరుకుంది. గోడ పాతబడి కాదు. ఎప్పుడో సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు. ఆ గోడ ఇటుక, డంగు సున్నంతో కట్టింది. నేలలోంచి ఎక్కిన తేమ సున్నంలోంచి మెల్లగా బయటికి ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, తేమ ఇంకా పైకి పాకుతుంది, ఉప్పులు లోపలే గడ్డకట్టి ఇటుకని పొడి చేస్తాయి. ఈ తప్పు నేనూ చేశాను. మొదట్లో ఒక పాత బడి గోడకి దిట్టంగా ఉంటుందని సిమెంటు పూయించాను. రెండు వానలకి పలకలు పలకలుగా ఊడింది, ఊడుతూ లోపలి ఇటుక పొరని కూడా పట్టుకుపోయింది. చిటికెన వేలితో గీకితే ఎర్రటి పిండి రాలేది. అప్పుడు ఒక ముసలి సుతారి మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి గానుగ సున్నం అంటే ఏమిటో చూపించాడు. రోజుల తరబడి నానిన సున్నమూ ఇసుకా కలిసి రాతి గానుగలో నలిగి వెన్నలా అయ్యేదాకా రుబ్బడం, బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం. తాపీతో తీసి తిరగేస్తే జారకూడదు. అదీ పరీక్ష.

మీరు చేయాల్సిన పరీక్ష ఇంకా చిన్నది. చెక్క సుత్తితో గోడని అడుగడుగునా తట్టండి. గట్టి చోట కణకణమంటుంది, లోపల వదులైన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా పలికిన చోటల్లా సుద్దతో గుండ్రంగా గీసి ఫొటో తీయండి. దూలాల చివర్లు గోడలోకి వెళ్లే చోట సన్నని మేకు గుచ్చి చూడండి. పావు అంగుళం దిగి ఆగితే పర్లేదు. వెన్నలోకి దిగినట్టు దిగితే ఆ దూలం చివర మార్చాలి, మొత్తం కప్పు తీసేయక్కర్లేదు. 'మొత్తం పోయింది సార్, కూల్చేయడమే' అనే ఇంజినీర్ మేకు గుచ్చి చూశాడా లేదా అడగండి.

మీ పక్క స్థలంలో సెల్లారు (నేల కింద అంతస్తు) తవ్వబోతున్నారని చివర్లో ఒక ముక్క రాశారు. నాకైతే మీ ప్రశ్న మొత్తంలో అత్యవసరం అదే. పాత ఇళ్ల పునాదులు లోతు ఉండవు, గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పక్కన పన్నెండడుగులు నిట్టనిలువుగా తవ్వి, వాన పడితే, మీ గోడ కింద మట్టి జారుతుంది. ఒకచోట ఇలాగే జరిగింది. తవ్విన నాలుగో రోజు మెట్ల పక్క గోడలో ఏటవాలుగా పగులు వచ్చింది. పగులు మీద అడ్డంగా సన్నని గాజు పట్టీలు అతికించి, పక్కన తేదీ రాశాం. మర్నాడు ఉదయానికి మూడింట్లో రెండు పట్టీలు చిట్లిపోయాయి. గాజు చిట్లిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట. ఆ మధ్యాహ్నమే ఇంట్లోవాళ్లని బయటికి పంపి, తవ్విన గుంటలో ఇసుక మూటలు నింపించాం. గోడ నిలిచింది. ఆ కాంట్రాక్టరు చివరిదాకా 'మీ ఇల్లే పాతది, మేమేం చేస్తాం' అనే అన్నాడు. కాబట్టి తవ్వకం మొదలుకాకముందే మీ గోడల ఫొటోలు తేదీతో తీసి, రాతపూర్వకంగా వాళ్లకీ మునిసిపాలిటీకీ పంపండి. గుంటకి దన్ను కట్టకుండా తవ్వనివ్వకండి.

సంఘం సంగతి. ఇష్టమున్నవాళ్లు చేసుకోగల చిన్న ఒప్పందం చాలు: కొత్తగా కట్టేవాళ్లు వీధి వైపు మొదటి రెండంతస్తుల ఎత్తు పాత వరసకి కలపడం, పై అంతస్తులు వెనక్కి తీసుకోవడం, వీధి ముఖాన కార్ల స్తంభాలు పెట్టకుండా ఒక దుకాణమో గదో అరుగో ఉంచడం. రూలు వెనక్కి జరగమన్నచోట ఆ ఖాళీలోనైనా అరుగు కట్టొచ్చు. చట్టబలం ఉండదు, మాట బలమే. మీ బజారుకి ఆ అలవాటు ఉంది. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆ బజారులోనే, ఎవరి జీవో లేకుండా, పుస్తకాలు చదివేవాళ్ల పూనికతో ఇన్నేళ్లు నిలబడింది. మీటింగ్ అక్కడ పెట్టుకోండి, సంఘం ఆఫీసులో పెడితే కుర్చీల కోసం కొట్టుకుంటారు.

బిల్డర్‌కి ఇప్పుడే కాదనకండి, మూడు నెలలు అడగండి. ఈలోపు రోడ్డు గీత చూసుకోండి, కొలతల డ్రాయింగు వేయించండి, నేను వేసిన లెక్కలో మీ అసలు అంకెలు పెట్టి నలుగురికీ పంపండి. రోడ్డు గీత మీ ముందు గదుల మీదుగా ఉంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు నా సలహా వేరుగా ఉంటుంది. బావి పూడ్చకండి, వెనక బ్లాకు డాబా నీళ్లు దాంట్లోకి మళ్లించుకోవచ్చు.

ఇవన్నీ తేలేలోపు వాన వస్తుంది. ఈ ఆదివారం మీరే డాబా ఎక్కి నాలుగు తూముల్లోనూ చేయి పెట్టి చూడండి. పిట్టగోడ మూల రావిమొక్క ఉందన్నారు, దాన్ని పీకితే వేరు తెగి మళ్లీ వస్తుంది, గోడా కదులుతుంది. మొదలు దగ్గర కోసి, వేరులో మందు పోయించండి. పగిలిన చోట సిమెంటు పెట్టబోతాడు మేస్త్రీ. పెట్టనివ్వకండి, గానుగ సున్నం దొరికేదాకా టార్పాలిన్ కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టండి.